కూలెంట్ తగ్గుతోంది, పొద్దున తెల్లపొగ, స్టార్టింగ్‌లో వణుకు: హెడ్ దించే ముందు చూసుకోవలసినవి

మీరు రాసినదాంట్లో నా కన్ను పడింది "పొద్దున మాత్రమే" అన్న మాట మీద. మిగతా సంగతులు నాకు అర్థమైనంతవరకు ఇవి: 2014 మోడల్ పెట్రోల్ కారు, 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, తిరిగింది లక్షా పది వేల కిలోమీటర్లు. వారానికి దాదాపు అర లీటర్ కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, కింద నేను నీళ్లు అనేదీ దీన్నే) తగ్గుతోంది, కింద నేల మీద మాత్రం చుక్క కనబడదు. రాత్రంతా నిలబడ్డాక పొద్దున సెల్ఫ్ కొడితే పది పదిహేను సెకన్లు బండి వణుకుతుంది, సైలెన్సర్ తెల్లపొగ కక్కుతుంది, తర్వాత ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. పగలు ఎన్నిసార్లు స్టార్ట్ చేసినా ఇబ్బంది లేదు. మీ ఊరి మెకానిక్ బానెట్ ఎత్తి ఒక్కసారి చూసి "హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ దించాలి" అన్నాడు. సిలిండర్లు ఉండే కింది భాగం బ్లాకు, వాటి మీద మూతలా బిగించేది హెడ్, ఆ రెంటి మధ్య సందు లేకుండా పట్టే పలచటి రేకు గ్యాస్కెట్. దించాలా వద్దా అని మీ ప్రశ్న.

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏడేళ్లు ఇంజన్ పని చేసినవాడిగా చెప్తున్నాను. మీ మెకానిక్ అనుమానం నిజమయ్యే అవకాశమే ఎక్కువ. కానీ అనుమానం మీద హెడ్ దించనివ్వకండి. రుజువు చూపించాక దించమనండి. ఆ రుజువు ఒక పొద్దున, ఒక రాత్రి ఖర్చుపెడితే దొరుకుతుంది.

పొద్దున మాత్రమే ఎందుకు అన్నది ముందు చెప్తాను, అది అర్థమైతే మిగతావన్నీ అర్థమవుతాయి. ఇంజన్ నడుస్తున్నప్పుడు సిలిండర్‌లో మంట అంటుకున్న క్షణంలో ఒత్తిడి బాగా లోడ్ మీద 40, 50 బార్ల దాకా వెళ్తుంది (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). ఆ పక్కనే హెడ్‌లో, బ్లాకులో తిరిగే నీళ్ల ఒత్తిడి మహా అయితే ఒక బార్. మధ్యలో అడ్డుగోడ గ్యాస్కెట్. దాంట్లో వెంట్రుకంత సందు పడిందనుకోండి, బండి నడిచినంతసేపూ సిలిండర్‌లోని గ్యాసు నీళ్లలోకి తోసుకొస్తుంది. బండి ఆపగానే వ్యవహారం తిరగబడుతుంది. సిలిండర్‌లో ఇప్పుడు ఒత్తిడి లేదు, నీళ్లు మాత్రం ఇంకా కాగి ఒత్తిడి మీదే ఉన్నాయి. అవి చల్లారేదాకా అదే సందులోంచి బొట్టుబొట్టుగా సిలిండర్‌లోకి దిగుతాయి. పొద్దున మీరు సెల్ఫ్ కొట్టేసరికి ఆ సిలిండర్ స్పార్క్ ప్లగ్గు తడిసి ఉంటుంది, మండదు. మిగతా మూడు సిలిండర్ల మీద బండి వణుకుతుంది. లోపలి నీళ్లు ఆవిరైపోయి సైలెన్సర్ దాటాక నాలుగోది కూడా అందుకుంటుంది. పగలు కాసేపు ఆపి తీసినప్పుడు, దిగిన ఆ కాస్త నీళ్లు వేడి పిస్టన్ మీదే ఆవిరైపోతాయి కాబట్టి మీకు తెలియదు.

ఇంకో సంగతి. మీరు ఇది చూస్తున్నది మే నెలలో, ఖమ్మంలో. అది కూడా సాక్ష్యమే. ఒక లీటర్ పెట్రోల్ కాలితే దాదాపు ఒక లీటర్ నీరు పుడుతుంది. అందుకే డిసెంబర్ పొద్దుట్లో ఆరోగ్యంగా ఉన్న బండి కూడా తెల్లగా ఊదుతుంది, సైలెన్సర్ మూతి నుంచి నీళ్లు కారుతాయి. అది చూసి టెన్షన్ పడేవాళ్లు ప్రతి చలికాలం నా దగ్గరకు వచ్చేవారు. కానీ పొద్దునే 30 డిగ్రీలు ఉండే మే నెలలో మామూలు ఆవిరి కంటికి కనబడదు. కనబడుతోందంటే లోపలికి వెళ్లకూడని నీళ్లు వెళ్తున్నాయి. పొగ దగ్గర చెయ్యి పెట్టి వాసన చూడండి, ముక్కు నేరుగా మూతి దగ్గర పెట్టొద్దు. కూలెంట్ కాలితే కాస్త తియ్యగా, పాకం అడుగంటినట్టు ఉంటుంది. తెల్లపొగ గాలిలో త్వరగా చెదిరిపోక, కాసేపు వెనకే వేలాడుతుంది. నీలంగా ఉంటే ఆయిల్, నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది, ఆ రెండూ వేరే కథలు.

ఇంతవరకు చదివి "సరే, గ్యాస్కెట్టే" అనుకోకండి. నేను ఇలాగే అనుకుని ఒకసారి తప్పు చేశాను. చాలా ఏళ్ల కిందట రిటైరైన ఒక మాస్టారు బండి తెచ్చారు. కూలెంట్ తగ్గుతుంది, పొద్దున తెల్లపొగ, స్టార్టింగ్‌లో వణుకు. మీవే మూడు లక్షణాలు, కాకపోతే డిసెంబర్ నెల. నేను మూడూ కలిపి ఒకటే లెక్క వేసి హెడ్ దించేశాను. దించి చూస్తే గ్యాస్కెట్ నిక్షేపంలా ఉంది. హెడ్ మీద స్కేలు పెట్టి చూస్తే ఎక్కడా వంపు లేదు. చివరికి తేలిందేమిటంటే, ఒక్కొక్క లక్షణానికి ఒక్కో కారణం. కూలెంట్ రిజర్వాయర్, అంటే కూలెంట్ పోసే ప్లాస్టిక్ డబ్బా, అతుకు దగ్గర సన్నగా చిట్లింది. హైవే మీద ఒత్తిడి పెరిగినప్పుడు మాత్రమే చిమ్మి, వేడి మీద పడి అక్కడికక్కడే ఆరిపోతోంది, అందుకే కింద చుక్క లేదు. పొగ చలికాలపు మామూలు ఆవిరి. వణుకు ఒక ఇంజెక్టర్ (సిలిండర్‌కి పెట్రోల్ చిమ్మే ముక్కు) రాత్రంతా కారుతున్నందువల్ల. రిజర్వాయర్ కింద పక్క ఆరిన తెల్లటి చారలు మొదటి రోజే కనబడాల్సింది, నేను టార్చ్ వేసి చూడలేదు. లేబర్ డబ్బులు తీసుకోలేదు, కానీ ఆయన బండి వారం రోజులు షెడ్డులో పడి ఉంది. ఆ తర్వాత చేతిలో రుజువు లేకుండా హెడ్ ముట్టుకోలేదు.

కాబట్టి మొదట టార్చ్. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పొద్దునే చూడండి. వేడి మీద రిజర్వాయర్ మూత గానీ రేడియేటర్ మూత గానీ తిప్పొద్దు. ఒత్తిడి మీద ఉన్న నీళ్లు 100 డిగ్రీలు దాటి కూడా మరగకుండా ఉంటాయి, మూత లేవగానే ఒక్కసారిగా భగ్గున లేచి ముఖం మీద పడతాయి. ఆటోనగర్‌లో అలా మెడ, చేతులు కాలిన కుర్రాళ్లను ఒకరిద్దర్ని కాదు, చాలామందిని చూశాను.

చూడాల్సింది తడి కోసం కాదు, ఆరిన మరక కోసం. కూలెంట్ ఆరితే మీరు పోసిన రంగును బట్టి గులాబీ, ఆకుపచ్చ లేదా తెల్ల పొడిలా అంటుకుంటుంది. హోస్ పైపుల క్లిప్పుల దగ్గర, రేడియేటర్ రెండు పక్కల ప్లాస్టిక్ డబ్బాలు అల్యూమినియంతో కలిసే చోట, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వని కవాటం) బిగించిన డబ్బా చుట్టూ చూడండి. వాటర్ పంపుకి కింద చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీలు పోతే నీళ్లు అందులోంచే బయటికి వస్తాయి, అక్కడ చార ఉంటే పంపు పని అయిపోయిందని అర్థం. డ్రైవర్ పక్క సీటు ముందున్న కార్పెట్ ఎత్తి చేత్తో నొక్కండి. మన దగ్గర హీటర్ ఎవరూ వెయ్యరు కాబట్టి హీటర్ కోర్ (డాష్‌బోర్డు వెనక ఉండే చిన్న రేడియేటర్ లాంటిది) కారుతున్నా నెలల తరబడి తెలియదు. తడి జిగురుగా, తియ్యటి వాసనతో ఉంటే అది కూలెంట్. మామూలు నీళ్లయితే ఏసీ డ్రైన్ మూసుకుపోయింది, దాని గురించి బెంగ అక్కర్లేదు. బండి కింద ఏసీ నీళ్లు కారడం చూసి కూలెంట్ అనుకుని పరుగెత్తుకొచ్చేవాళ్లూ ఉన్నారు.

మూతను తక్కువ అంచనా వేయకండి. దాని మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది, అది బార్లలో అది పట్టి ఉంచే ఒత్తిడి. ఒక బార్ ఒత్తిడి మీద మామూలు నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. మూత లోపలి రబ్బరు గట్టిపడి ఆ ఒత్తిడి పట్టలేకపోతే కూలెంట్ ముందే మరిగి ఆవిరిగా పోతుంది, ఎక్కడా లీకు కనబడదు. కొత్త మూత ఖరీదు హెడ్ పని ఖర్చు ముందు చాలా తక్కువ. అనుమానం ఉంటే మార్చేయడమే.

బయట ఏమీ దొరకలేదా, అప్పుడు లోపలికి. పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రాత్రంతా నిలబడిన బండి, స్టార్ట్ చేయకముందే రేడియేటర్ పైహోస్ చేత్తో నొక్కండి. మెత్తగా ఉండాలి. చల్లటి ఇంజన్ మీద గట్టిగా ఉంటే లోపల గ్యాసు ఇరుక్కుని ఉంది. మెత్తగా ఉంటే చెయ్యి అక్కడే ఉంచి ఇంకొకరిని స్టార్ట్ చేయమనండి. ఫ్యానూ బెల్టూ ఉన్న వైపుకి చెయ్యి, చీర కొంగు, చున్నీ పోనివ్వకండి. నీళ్లు వేడెక్కి ఒత్తిడి పెరగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అలా కాకుండా ఒకటి రెండు నిమిషాల్లోనే, ఇంకా గోరువెచ్చగా కూడా కాకముందే హోస్ రాయిలా అయిందంటే సిలిండర్ గ్యాసు నీళ్లలోకి వస్తున్నట్టే. రిజర్వాయర్‌లో ఆగకుండా బుడగలు వస్తుంటాయి కూడా. కూలెంట్ కొత్తగా నింపినప్పుడు మొదట్లో కొన్ని బుడగలు రావడం మామూలే, వాటిని లెక్కలోకి తీసుకోకండి.

స్టార్టింగ్ వణుకుకి ఇంకో చిన్న పరీక్ష. తాళం ఆన్‌కి తిప్పి, రెండు మూడు సెకన్లు ఆగి, ఆఫ్ చేయండి. అలా మూడుసార్లు చేసి, నాలుగోసారి స్టార్ట్ చేయండి. ప్రతిసారీ పెట్రోల్ పంపు కాసేపు తిరిగి లైన్లో ఒత్తిడి నింపుతుంది. ఇలా చేస్తే బండి శుభ్రంగా అందుకుంటే తప్పు పెట్రోల్ లైన్లో ఉంది. చేసినా అలాగే వణికితే ఆ పక్క అనుమానం చాలావరకు తగ్గుతుంది. స్కానర్ ఉన్నవాళ్లు దొరికితే ఎర్రర్ కోడ్ చదివించండి. పీ 0301 నుంచి పీ 0304 దాకా ఉన్నవి ఏ సిలిండర్ మండకుండా మిస్ కొడుతోందో చెప్తాయి, చివరి అంకే సిలిండర్ నంబరు. కోడ్ పక్కన ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటుంది, అందులో మిస్ కొట్టినప్పుడు ఇంజన్ ఎంత వేడిగా ఉందో నమోదవుతుంది. 30, 35 డిగ్రీలు అని ఉంటే మీరు చెప్పిన పొద్దుటి కథతో సరిపోయినట్టే.

ఇప్పుడు అసలు సాక్షి, ప్లగ్గులు. పొద్దునే, స్టార్ట్ చేయకుండా, ప్లగ్గులకి కరెంటు ఇచ్చే నాలుగు కాయిల్సూ తీసి నాలుగు ప్లగ్గులూ విప్పించండి. మామూలు ప్లగ్గు కొస లేత గోధుమ రంగులో, ఇటుక పొడి రాలినట్టు ఉంటుంది. నీళ్లు తాగిన సిలిండర్ ప్లగ్గు వేరుగా ఉంటుంది: పింగాణీ తెల్లగా తోమిన గిన్నెలా మెరుస్తుంది, అంచుల్లో ఒక్కోసారి కూలెంట్ రంగు పొక్కు కనబడుతుంది, కొన్నిసార్లు తాకితే ఇంకా చెమ్మగానే ఉంటుంది. ప్లగ్గు రంధ్రంలోంచి ఫోన్‌కి తగిలించే సన్నటి కెమెరా దించితే పిస్టన్ తల కనబడుతుంది. మిగతా మూడు పిస్టన్ల మీద నల్లటి కార్బన్ పొర ఉండి, ఒక్కటి మాత్రం ఆవిరి పట్టి కడిగినట్టు అల్యూమినియం రంగులో బయటపడితే ఇక పెద్దగా వాదించాల్సిన పని లేదు. ఒకదానిలో నీళ్ల మడుగే కనబడినా కనబడవచ్చు.

మెకానిక్‌ని ఒకటి అడగండి: బ్లాక్ టెస్ట్ చేశారా? రిజర్వాయర్ మూతి మీద గొట్టం లాంటిది పెడతారు, అందులో నీలం రంగు ద్రవం ఉంటుంది. ఇంజన్ వేడెక్కాక నడుస్తుండగా దాని రబ్బరు బుడ్డి నొక్కి నీళ్ల పైన ఉన్న గాలిని దానిగుండా లాగుతారు. గాలిలో బొగ్గుపులుసు వాయువు ఉంటే నీలం ద్రవం పసుపు పచ్చగా మారుతుంది. రిజర్వాయర్‌లోకి పొగ గ్యాసు రావడానికి గ్యాస్కెట్‌లో సందు గానీ హెడ్‌లో, బ్లాకులో పగులు గానీ తప్ప వేరే దారి దాదాపు లేదు కాబట్టి పసుపు తిరిగితే గట్టి రుజువు. అయితే నీలంగానే ఉంటే గ్యాస్కెట్ బాగున్నట్టు కాదు. సందు చాలా చిన్నదైతే, చల్లగా ఉన్నప్పుడే తెరుచుకునేదైతే ఈ పరీక్షకి దొరకదు. మీ కేసు అలాంటిదే అయ్యేలా ఉంది.

దానికి నేను నమ్మేది రాత్రి పరీక్ష. కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ టెస్టర్ అని చేతి పంపు ఉంటుంది, మూత స్థానంలో బిగిస్తారు. ఇంజన్ చల్లారాక మూత మీద రాసిన అంకె వరకే గాలి కొట్టాలి, దాటితే బాగున్న హీటర్ కోర్ కూడా పగలవచ్చు. రాత్రంతా వదిలేసి పొద్దున ముల్లు చూడాలి. ముల్లు పడి, బయట ఎక్కడా తడి లేకపోతే నీళ్లు లోపలికే వెళ్లాయి. అప్పుడు ప్లగ్గులు విప్పి, ఇంజెక్టర్ల, కాయిళ్ల కనెక్షన్లు తీసి సెల్ఫ్ కొట్టాలి. తప్పు ఉన్న సిలిండర్ రంధ్రంలోంచి నీళ్లు పిచికారీలా ఎగురుతాయి. ఆ టైంలో ఇంజన్ మీదకి వంగి చూడొద్దు.

మా షెడ్డులో ఈ పరీక్ష మొదటిసారి చూసిన ఒక ఓనరు, రెండో రంధ్రంలోంచి గులాబీ నీళ్లు బానెట్‌కి కొట్టగానే, అప్పటిదాకా మాతో బేరం ఆడుతున్నవాడు కుర్చీలో కూలబడ్డాడు. నోటితో ఎన్ని చెప్పినా నమ్మని మనిషి అది చూసి నమ్మాడు.

కంప్రెషన్ టెస్ట్ (ప్రతి సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో కొలవడం) కూడా చేయించండి, కానీ దాని మీదే తీర్పు ఇవ్వొద్దు. ఇలాంటి ఇంజన్లలో సాధారణంగా 160 నుంచి 200 పీఎస్ఐ (ఒత్తిడికి ఇంకో కొలమానం) మధ్య వస్తుంది. అంకె కంటే తేడా ముఖ్యం, నాలుగింటి మధ్య 15 శాతం మించకూడదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తక్కువ చూపిస్తే చాలావరకు వాటి మధ్య గ్యాస్కెట్ తెగినట్టే. నీళ్ల దారికి మాత్రమే సందు పడితే కంప్రెషన్ నాలుగింటిలోనూ బాగానే రావచ్చు. చాలామంది "కంప్రెషన్ బాగుంది, గ్యాస్కెట్ బాగుంది" అని పంపించేసేది ఇక్కడే.

డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) గురించి కూడా అడిగారు. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో లేదు కాబట్టి గ్యాస్కెట్ పోలేదంటున్నారు. అలా అనలేం. సిలిండర్‌కీ నీళ్ల దారికీ మధ్య తెగితే ఆయిల్‌కి సంబంధమే ఉండకపోవచ్చు. తిరగేసి చూసినా అంతే, చల్లటి రోజుల్లో రెండేసి కిలోమీటర్లు తిరిగే బండికి ఆయిల్ మూత కింద మీగడ లాంటిది పట్టడం పెద్ద విషయం కాదు. అయితే ఈ ఎండల్లో ఆ మీగడ కనబడితే మాత్రం పట్టించుకోవాలి.

రుజువు దొరికేదాకా బండి నడపకపోవడమే మేలు. తప్పనిసరై నడిపితే రోజూ పొద్దున కూలెంట్ మట్టం చూసి, రెండు కిలోమీటర్లలోపు పని ముగించుకోండి. ఇప్పటి చాలా చిన్న కార్లలో వేడి చూపే ముల్లు కూడా లేదు, నీలం దీపం, ఎర్ర దీపం అంతే. నీళ్లు బాగా తగ్గిపోతే వేడి కొలిచే సెన్సర్ నీళ్లలో మునగక గాలిలో ఉండిపోయి, ఇంజన్ ఉడుకుతున్నా ఎర్ర దీపం ఆలస్యంగా వెలుగుతుంది. ఇంకా ముఖ్యమైనది, పొద్దున సెల్ఫ్ కొట్టగానే "టక్" మని ఆగిపోతే మళ్లీ మళ్లీ కొట్టకండి. నీళ్లు గాలిలా నలగవు. సిలిండర్ నిండా నీళ్లుంటే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గ్యాస్కెట్ ఖర్చుతో పోయేది ఇంజన్ ఖర్చు దాకా వస్తుంది. ప్లగ్గులు తీయించి, నీళ్లు బయటికి పోయాకే తిప్పించండి.

లీకు ఆపే పొడి, ద్రవం పొయ్యమని ఎవరైనా అంటే పొయ్యకండి. అది సందును మూసినా మూయకపోయినా రేడియేటర్ సన్న గొట్టాలనూ హీటర్ కోర్‌నూ మాత్రం మూసేసే ప్రమాదం ఉంది. ఊరు చేరడానికి తప్ప నేనెప్పుడూ వాడలేదు.

ఒకవేళ మీది డీజిల్ బండి అయి ఉంటే హెడ్ కంటే ముందు ఈజీఆర్ కూలర్ (పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్లీ ఇంజన్‌లోకి పంపే భాగం) చూడమనేవాడిని. అది పగిలితే కూలెంట్ పొగ దారిలోకి పోయి తెల్లపొగ వస్తుంది. డీజిల్‌లో కళ్లు మండించే ఘాటు తెల్లపొగ అయితే అది కాలని డీజిల్, గ్లో ప్లగ్గులు (చల్లటి సిలిండర్‌ని స్టార్టింగ్‌కి వేడిచేసేవి) చూడాలి. ఇది చదివే డీజిల్ వాళ్ల కోసం రాశాను.

రుజువు దొరికి హెడ్ దించాల్సి వస్తే, రేటు గురించి తర్వాత మాట్లాడండి, పని గురించి ముందు మాట్లాడండి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే హెడ్ బోల్టులు, బయటి నుంచి లోపలికి వరుసగా వదులు చేయాలి. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్ వంగుతుంది. హెడ్ మీద స్టీలు స్కేలు పెట్టి ఫీలర్ గేజ్‌తో (సన్నటి రేకులు దూర్చి సందు కొలిచే పరికరం) మీ ముందే చూడమనండి. వంపు 0.05 మిల్లీమీటర్ దాటితే చాలా కంపెనీలు ఒప్పుకోవు. మించితే మంచి లేత్ వర్క్స్‌లో ఫేసింగ్, అంటే మిషన్ మీద కోసి చదును, చేయించాలి, ఎమెరీ కాగితంతో రుద్ది సరిచేశాం అంటే వద్దనండి. ఫేసింగ్‌కి ముందు హెడ్‌ని నీళ్ల ఒత్తిడి మీద పగుళ్లకి పరీక్షించమనండి, కొత్త గ్యాస్కెట్ వేసి కూడా పొగ తగ్గని కేసుల్లో చాలావాటికి వాల్వుల మధ్య పగులే కారణం. బోల్టులు కొత్తవి వెయ్యాలి. ఇప్పటి చాలా ఇంజన్లలో అవి బిగించినప్పుడు కాస్త సాగేలా తయారుచేసినవి, పాతవి మళ్లీ అంత పట్టు ఇవ్వవు. బిగించడం మధ్య నుంచి బయటికి, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో, తర్వాత కంపెనీ చెప్పిన కోణం మేరకు. "నా చేతికి తెలుసు" అనే వాళ్ల దగ్గర ఈ పని చేయించకండి. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కూడా మార్చించండి.

గ్యాస్కెట్ ఊరికే పోదు. మీ ప్రశ్న చివర "రెండేళ్లుగా బోరు నీళ్లే పోస్తున్నాం" అని ఒక మాట రాసి వదిలేశారు. గీజర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చు కట్టడం చూసి ఉంటారు. అదే పెచ్చు హెడ్ లోపలా రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది, వేడి బయటికి పోదు, ఏదో ఒక ఎండాకాలం ఇంజన్ ఉడుకుతుంది, హెడ్ ఒక పిసరు వంగుతుంది, గ్యాస్కెట్ అక్కడ మొదలవుతుంది. రేడియేటర్ శుభ్రం చేయకుండా, ఫ్యాన్ సరిగ్గా తిరుగుతోందో లేదో చూడకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే మళ్లీ ఇదే పని. థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటుందని మన దగ్గర చాలామంది తీసిపారేస్తారు, కొత్తది వేయించండి. కూలెంట్ మీ బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అది, నీళ్లు కలపాల్సిన రకమైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. రంగు ఒకటే అయినంత మాత్రాన రెండు కూలెంట్లు ఒకటి కావు, కలపొద్దు. తీసిన పాత కూలెంట్ పళ్లెంలో వదిలేయకండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, విషం.

రేపు పొద్దున స్టార్ట్ చేయకముందే హోస్ నొక్కి చూడండి. తర్వాత ప్లగ్గులు తీయించి, ఒక తెల్ల కాగితం మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాసి, ఏ సిలిండర్ ప్లగ్గు ఆ అంకె మీద పెట్టి, ఎండలో ఫొటో తీసి పెట్టండి. బెల్టు ఉన్న వైపు ఒకటో నంబరు. ఆ ఫొటో చూశాక హెడ్ సంగతి చెప్తాను.